బుర్కుత్-తాష్ మీద నిండు గిన్నె

ఆ ఉదయం ఆకాశం పైన తేటగానే ఉంది. మబ్బంతా కిందకి దిగి కొండ నడుముకి చుట్టుకుంది. బుర్కుత్-తాష్ కొన మబ్బు పైన ఎర్రగా ఎండ కాచుకుంటోంది. పాదం మబ్బు కింద తడిసి నల్లగా ఉంది. మధ్యలో ఏముందో తెలియడం లేదు.

నర్మత్ మూడు గుర్రాల మీద సరుకు వేసుకుని ఏటి ఒడ్డునే పైకి వస్తున్నాడు. ముందున్న గుర్రం ఆగి చెవులు కొండవైపు తిప్పింది. నర్మత్ తలెత్తాడు.

మబ్బులోంచి ఒక మనిషి పడ్డాడు.

అరవలేదు. చేతులు ఆడించలేదు. గోడ గీసినట్టు నిలువుగా దిగిన రాయి కాబట్టి ఎక్కడా తగల్లేదు కూడా. నీలం చొక్కా గాలికి ఉబ్బింది. రాళ్లగుట్ట వెనక్కి పోయాడు. ఆ తరవాత వచ్చింది చప్పుడు, తడిసిన ఉన్ని మూటని నేలకేసి కొట్టినట్టు.

ఆ చొక్కా నర్మత్‌కి తెలుసు. కిందటి నెల బాత్‌కెన్ బజారులో తనే బేరమాడి కొన్నాడు. అది తొడుక్కున్నవాడు తలాయ్. కొండెక్కడానికి వచ్చిన విదేశీ బృందానికి వంటవాడు. అది పైకి. లోపల నర్మత్ లాగే సెక్యూరిటీ సర్వీస్ ఏజెంట్. తలాయ్ వండుతూ వింటాడు. గుర్రాలవాడి వేషంలో నర్మత్ సరుకు తెచ్చి, విన్నది కిందకి మోసుకుపోతాడు. మూడు వారాలుగా ఇదే మిషన్.

నర్మత్ పరిగెత్తలేదు. గుర్రాలవాడు పరిగెత్తడు, ముందు గుర్రాలు కట్టేస్తాడు. కట్టేశాడు.

గుట్ట దగ్గరికి బృంద నాయకుడు కార్విన్ అప్పటికే చేరాడు. ఎండకి కాలిన పొడుగు మనిషి. ఏ దేశం అని అడిగితే ఆ రోజుకి తోచిన దేశం చెబుతాడు. కిర్గిజ్ భాష మాత్రం కొండవాళ్లకన్నా శుభ్రంగా మాట్లాడతాడు.

"అన్నా, చూశావా? పైనుంచి ఎలా ఉంటుందో చూస్తానని పోరుపెట్టాడు. వద్దన్నాను," అన్నాడు కార్విన్. కళ్లనిండా నీళ్లున్నాయి. 

అతని వెనక పెరిజాత్ నిలబడి శవాన్ని ఫొటోలు తీస్తోంది. రాజధానిలో పుట్టి పరదేశాల్లో పెరిగిన పిల్ల. బృందానికి ఫొటోగ్రాఫర్. మెడచుట్టూ నక్కతోలు, ఆ చలిలో కూడా పెదాలకి ఎర్రరంగు. ఆమె నవ్వితే కింది పచ్చిక బీళ్లలో పెళ్లికాని కాపరులు గొర్రెల లెక్క మర్చిపోతారని చెప్పుకునేవాళ్లు.

నర్మత్ శవం పక్కన కూర్చుని కళ్లు మూశాడు. మూస్తూ నడుము పట్టీ చూశాడు. దానికి జానెడు తాడు మిగిలి ఉంది. రాయికి రాసుకుని తెగిన తాడు చీపురులా పీచులు లేస్తుంది. ఇది కోసిన వెన్నలా ఉంది. బూటులో ఎప్పుడూ ఉండే తలాయ్ కత్తి లేదు, ఒర మాత్రం ఉంది.



పక్క గుడారం నుంచి బుర్మకాన్ అక్క వచ్చి శవం మీద ఉన్ని దుప్పటి కప్పింది. మొగుడు పోయాక ఒక్కతే ఆ లోయలో మంద కాసుకుంటూ, బృందానికి పాలు పోసే మనిషి. మధ్యాహ్నానికి కింది కాపరులు వచ్చి, తలాయ్‌ని గుర్రం మీద వేసుకుని ఊరికి తీసుకెళ్లారు.

"నీకు వంట వచ్చా?" కార్విన్ అడిగాడు. కన్నీళ్లు అప్పటికే ఆరాయి.

"గొర్రెమాంసం ఉడకబెట్టడం వచ్చు. మీ దేశాల వంటలవీ రావు."

"చాలు. ఈ రెండు రోజులూ ఉండు."

ఆ సాయంత్రం నీళ్లకని వెళ్లి, ఏటి హోరు గట్టిగా ఉన్నచోట బండల మధ్య కూర్చున్నాడు నర్మత్. జేబులోంచి కురుత్ సంచి తీశాడు. ఉప్పేసి ఎండబెట్టిన పెరుగు ఉండలు. దారిన పోయే ప్రతి కాపరి జేబులోనూ ఉంటాయి. వాటిలో ఒకటి మాత్రం పెరుగు కాదు, ట్రాన్స్‌మిటర్. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు.

"కురుత్ ఒకటి, పలుకు." కల్నల్ తోక్తోసున్ గొంతు.

"పలుకుతున్నా సార్. తలాయ్ పోయాడు. తాడు కోసేశారు."



"విను. టార్గెట్ తెలిసింది. రేపు ఉదయం హెలికాప్టర్. సరిహద్దు కాలవ తగువు తీర్చుకోడానికి మనవాళ్లు ఆరుగురు పెద్దలు, అవతలివాళ్లు ఆరుగురు, ఒకే హెలికాప్టర్‌లో. మీ లోయ మీదుగా వస్తుంది. అది కూలాలి, నేరం మన మీద పడాలి. ఈ ముఠాకి కాంట్రాక్ట్ అది."

"ఎగరకుండా ఆపేయండి సార్."

"ఆపితే మనం జంకామంటారు. అవతలి పెద్దలు ఇంటికెళ్లి తుపాకులు తీస్తారు. కిందటి వేసవి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. కిందటి వేసవి నర్మత్ వాళ్ల వీధిలో పైకప్పున్న ఇల్లు మిగల్లేదు.

"ఎలా కొడతారు?"

"అది తెలుసుకోడానికే నువ్వు. తెల్లారి అది లేచేలోపు ఎక్కణ్ణుంచో చెప్పు, దారి మారుస్తాను. ఇంకో సంగతి. వాళ్లలోనే ఒకరు మనకి కూడా కబుర్లు అమ్ముతున్నారు. ఎవరో మనకి తెలీదు. ఎదురైతే సగమే నమ్ము."

"ఏ సగం సార్?"

"అది తెలిస్తే నేనే వచ్చేవాణ్ణి." కల్నల్ గొంతు తగ్గించాడు. "నర్మత్, మన ఆరుగురిలో మీ నాన్న ఉన్నాడు. ఊరి నీటిపెద్ద లేకుండా కాలవ మాట సాగదన్నారు."

"మా నాన్న గాడిద బండి ఎక్కితేనే కక్కుతాడు సార్," అన్నాడు నర్మత్.

"రేపు కక్కనీ. కక్కేటట్టు చూడడమే నీ డ్యూటీ."

తిరిగి వస్తూ బుర్మకాన్ అక్క గుడారం దగ్గర ఆగాడు. ఆమె ఆడగుర్రం పాలు పితుకుతోంది.

"అక్కా, నిన్న తలాయ్ ఎవరితో ఉన్నాడు?"

"ఆ నక్కతోలు పిల్లతో టీ తాగాడు. తాగి కొండెక్కాడు. రాత్రంతా పైనే ఉన్నాడు." ఆమె పొదుగు మీదనుంచి చూపు తిప్పలేదు. "అది టీయా? గిన్నె అంచుదాకా పోసింది. మూడొంతులు తాగాక మళ్లీ అంచుదాకా. ఏ తల్లి పెంచిందో."

ఆ కొండల్లో గిన్నె సగానికి తక్కువే పోస్తారు. తాగుతుంటే మళ్లీ పోస్తారు, మళ్లీ పోస్తారు. అదీ మర్యాద. నిండా పోశారంటే తాగి బయల్దేరమని. మాటతో పొమ్మనలేక చేసే పని అది.

"పట్నం పిల్ల అక్కా. వాళ్లకేం తెలుస్తుంది," అన్నాడు నర్మత్.

"నవ్వుతూ పోసింది తమ్ముడూ. నాకు అదే నచ్చలేదు."

నర్మత్ మాత్రం ఒకటే పట్టుకున్నాడు. తలాయ్ ఆఖరి టీ ఆమె చేత్తో తాగాడు. ఆ రాత్రి గుడారంలో ఆమె దగ్గు వినపడినప్పుడల్లా ఒళ్లు బిగుసుకుంది.

తెల్లారి మబ్బు లేదు. కొండ మొత్తం బయటపడింది. నర్మత్ ఉండబట్టలేక తలెత్తి చూశాడు. సగం ఎత్తులో, గోడకి అతికించినట్టు, ఎర్రటి గుడ్డ ముక్క. ఎక్కేవాళ్లు పడుకునే వేలాడే మంచం. దానికింద ఏమీ లేదు. అటు చూస్తే అరికాళ్లలో జివ్వుమంది. నర్మత్‌కి ఎత్తంటే చిన్నప్పటినుంచీ పడదు. గడ్డివామి మీదకి కూడా తమ్ముణ్ణి ఎక్కించేవాడు. సర్వీస్‌లో చేరేటప్పుడు ఎత్తు భయం ఉందా అని అడిగితే లేదన్నాడు. ఉందంటే ఉద్యోగం రాదు.

టీకి నలుగురూ కూర్చున్నారు. కార్విన్, పెరిజాత్, నర్మత్, పాలు తెచ్చిన బుర్మకాన్ అక్క. ఇంకొకడు, లోథర్ అనేవాడు, పైన మంచంలో ఉన్నాడు.

పెరిజాత్ టీ పాత్ర అందుకుంది. నర్మత్ గిన్నెలో పోసింది. సగం దాటింది, మూడొంతులు దాటింది, అంచుకొచ్చి ఉబ్బి నిలిచింది. రెండు చేతులా ఇచ్చింది. నవ్వుతోంది.

బుర్మకాన్ అక్క ముఖం గంటు పెట్టుకుంది. "అమ్మాయ్, ఈ మనిషి నీకేం అపకారం చేశాడు?"

"ఏం అక్కా? తక్కువైందా?" అంది పెరిజాత్.

"చూశావా, మా పెరిజాత్‌ది ఎంత పెద్ద చెయ్యో," అన్నాడు కార్విన్ మెచ్చుకోలుగా.

నర్మత్ చెయ్యి కాల్చుకుంటూ తాగాడు. గిన్నె కింద పెట్టాడో లేదో మళ్లీ అందుకుంది. మళ్లీ అంచుదాకా. ఈసారి నవ్వలేదు. అతని కళ్లలోకే చూసింది. పొగరు అనుకున్నాడు నర్మత్. మన పద్ధతి నేర్చుకోవాలని కూడా లేదు ఈ మనిషికి అనుకున్నాడు. రొట్టె తుంచుకున్నాడు.

అప్పుడు కార్విన్ గుడ్డమీద ఏదో పెట్టాడు. నలిగిన చిన్న తీగల చుట్ట.

"రాత్రి నీ జేబులోంచి కురుత్ ఒకటి దొంగిలించాను అన్నా. ఇష్టం నాకు. పన్ను విరిగింది." బుగ్గ రుద్దుకున్నాడు. రెండో చేతిలో పిస్టల్ ఉంది. "కంగారు పడకు. నిన్ననే అనుమానించాను. ఆ తాడు కొసని నువ్వు చూసినంతసేపు ఏ గుర్రాలవాడూ చూడడు."

నర్మత్ నోట్లో రొట్టె మట్టిలా అయింది. సంచిలో ఉండలు లెక్కపెట్టుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు పొద్దున.

"లే. కొండెక్కుదాం. రానంటే ముందు ఈ అక్కని కాలుస్తాను. నాకేమీ కోపం లేదు, పని అంతే."

బుర్మకాన్ అక్క పాలకుండ మీద మూత పెట్టింది. "వెళ్లు తమ్ముడూ," అంది మెల్లిగా.

ముందు పెరిజాత్, వెనక నర్మత్, చివర పిస్టల్ నడుముకి దోపుకుని కార్విన్. గోడ పొడుగునా పైనుంచి కట్టిన తాళ్లున్నాయి. తాడుని కరిచే పళ్లున్న పిడులు చేతికి రెండు. ఒక పిడి పైకి తొయ్యాలి, దానికున్న గుడ్డ మెట్టులో కాలేసి లేవాలి, రెండోది తొయ్యాలి. మనిషి బరువంతా చిటికెనవేలంత తాడు మీద.

నర్మత్ రాయినే చూశాడు. ముఖానికి జానెడు దూరంలో రాయి. ఉప్పుకల్లులా మెరిసే గింజలు, మధ్యమధ్య నల్ల మచ్చలు, పగుల్లో ఒక ఎండిన నాచు. అవే చూశాడు. తాడు గాలికి తిరిగినప్పుడు రాయి పక్కకి పోయి, లోయంతా కళ్లముందుకి వచ్చేది. గుర్రాలు మూడూ ఎక్కడో అడుగున, నేల మీద పారేసిన గుండీల్లా. కిందనుంచి కార్విన్ ఈల వేసుకుంటూ వస్తున్నాడు.

ఒక్కో తాడు అయిపోయినచోట మేకులు కొట్టి ఉన్నాయి. ఆ చోటు దాటి పై తాడు పట్టుకోవాలి. మూడో తాడు చివర పెరిజాత్ ఆగి ఉంది. కార్విన్ ఇంకా తాడు అడుగున ఉన్నాడు. గాలి పైకి వీస్తోంది, మాట కిందకి పోదు.

"రెండుసార్లు నిండా పోశాను," అంది పెరిజాత్. పళ్లు బిగించి, పెదాలు కదపకుండా. "మూడోసారి నెత్తిన కుమ్మరించమంటావా? లేచి పొమ్మంటే రొట్టె తుంచుకుంటావేం మనిషివయ్యా?"

నర్మత్ ఆమె వంక చూశాడు.

"నువ్వా? మాకు కబుర్లు..."

"నేనే."

"నోటితో చెప్పొచ్చుగా."

"ఎక్కడ? గుడారాల్లో గుసగుసలు కూడా వాడికి అర్థమవుతాయి. మన మాటలన్నీ నేర్చుకున్నాడు. టీ నేర్చుకోలేదు." ఆమె అతని పట్టీ సరిచేస్తున్నట్టు వంగింది. "పైన ఉన్న గొట్టం కెమెరా కాదు, మిసైల్. హెలికాప్టర్ ఆ మంచం ఎత్తులోనే వస్తుంది. పేల్చాక మంచంలో ఒక శవం దొరకాలి, జేబులో మీ సర్వీస్ కార్డుతో. తలాయ్‌ని అందుకే తీసుకెళ్లారు. శవం మంచంలో దొరక్కూడదని వాడు తన తాడు తనే కోసుకున్నాడు."

తలాయ్ బూటులో ఖాళీ ఒర కళ్లముందు ఆడింది.

"తలాయ్‌కీ నిండా పోశావట."

"వాడికి అర్థమైంది. నవ్వాడు. తాగేసి, రేపు కూడా నువ్వే పొయ్యమన్నాడు. పోలేదు." పెరిజాత్ తాడు కిందకి ఒకసారి చూసింది. "మంచానికి బయటి మూల కూర్చో. నేను దగ్గితే దూకు. నీ బరువుకి మంచం ఒరుగుతుంది. నిన్ను వేరే తాడుకి తగిలిస్తాను."

"తగిలించకపోతే?"

ఆమె పై తాడు అందుకుంది. కార్విన్ ఈల దగ్గరపడింది.

సగమే నమ్మమన్నాడు కల్నల్. దూకడంలో సగం లేదు. తన శవం కిందపడితే వాళ్ల పథకం చెడుతుంది, నిజమే. కానీ లోథర్ అప్పటికే పేల్చేసి ఉంటే? ఈమె ఇద్దరి ఉప్పూ తింటున్న మనిషి. ఏ పూట ఎవరి ఉప్పు గుర్తొస్తుందో.

మంచం నిజంగానే మంచమే. నాలుగు గొట్టాలు, మధ్యన గుడ్డ, నాలుగు మూలలనుంచీ పట్టీలు పైకి వెళ్లి ఒకే మేకుకి. గోడ అక్కడ మూల తిరుగుతుంది. మంచం ఆ మూల అంచున ఉంది, వెనకంతా ఖాళీ గాలి. మిసైల్ వెనకనుంచి మంట తన్నుతుంది కాబట్టి అక్కడ కట్టారు. లోథర్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. భుజాన గొట్టం. నర్మత్‌ని చూసి జరిగి చోటిచ్చాడు, బస్సులో పక్కవాడికి ఇచ్చినట్టు.

"బయటి మూలకి," అంది పెరిజాత్ కటువుగా. "వాణ్ణి నీ పక్కన పెట్టుకోకు లోథర్, కంపు."

నర్మత్ పాకుతూ వెళ్లాడు. గుడ్డ కింద ఏమీ లేదని మోకాళ్లకి తెలుస్తోంది. నడుము పట్టీని మంచం మూలకి పొట్టి తాడుతో కట్టారు. వీపు వెనక కొక్కెం టిక్కుమంది. పెరిజాత్ దేనికి తగిలించిందో కనపడలేదు. తల తిప్పబోతే కార్విన్ పిస్టల్ తగిలింది. కార్విన్ గోడ పక్కనే, గోడకి వీపు ఆనించి, మేకుకి వేలాడుతూ నిలబడ్డాడు.

చప్పుడు ముందు రాయికి తెలిసింది. గోడ సన్నగా వణికింది. తరవాత లోయ మలుపు తిరిగి హెలికాప్టర్ వచ్చింది. బొద్దుగా, ఆకుపచ్చగా, ఏమీ ఎరగనట్టు.

లోథర్ గొట్టం ఎత్తి కన్ను ఆనించాడు. గొట్టంలో ఏదో కీచుమనడం మొదలైంది.

పెరిజాత్ దగ్గింది.

నర్మత్ కాళ్లు కదల్లేదు. దూకాలి, దూకాలి అని తల చెబుతూనే ఉంది. చేతులు మంచం గొట్టాన్ని పట్టుకుని వదలడం లేదు. అవి తనవి కావు.

గొట్టం కీచు సాగి ఒకటే గీతైంది.

ఆమె మళ్లీ దగ్గింది. అది దగ్గులా లేదు, ఏడుపులా ఉంది. ఆ గొంతులో ఉన్న భయం తన భయంలాంటిదే అనిపించింది నర్మత్‌కి. వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. దూకలేదు. ఒరిగిపోయాడంతే, నిద్రలో మంచంమీదనుంచి పడ్డట్టు.

పొట్టి తాడు గుంజుకుంది. మంచం మూల కిందకి విరుచుకుపడింది. లోథర్ గోడకి వీపు చేసి ముందుకి తూలాడు. గొట్టం పేలింది. మిసైల్ నేలవైపు పోయి రాళ్లగుట్టలో బద్దలైంది. వెనక మంట ఖాళీ గాలిలోకి పోవలసింది, గోడకి కొట్టుకుని తిరిగొచ్చి కార్విన్ ముఖాన్ని కమ్మేసింది. మంచం మూల గొట్టం విరిగింది. పొట్టి తాడు ఊడింది. 

నర్మత్ పడుతున్నాడు. ఇదేనా, తలాయ్, నువ్వు చూసింది, అనుకున్నాడు మనసులో.

వీపుమీద గుర్రం తన్నినట్టైంది. ఆగిపోయాడు. తలకిందులుగా వేలాడుతూ తిరుగుతున్నాడు. వీపు వెనక కొక్కెం, కొక్కేనికి తాడు, తాడు చివర పెరిజాత్ నడుము. అతని బరువుకి ఆమె గోడకి గుద్దుకుని, మోచేతులు గీసుకుపోయి, మేకుకి అతుక్కుని ఉంది.

హెలికాప్టర్ ఎదురుగా ఊగుతూ దాటిపోయింది. గుండ్రటి కిటికీల్లో గడ్డాలు కనిపించాయి. ఒక కిటికీలో ముసలాయన తెల్ల ఉన్ని టోపీలోకి శ్రద్ధగా కక్కుకుంటున్నాడు. నర్మత్‌కి ప్రాణం లేచొచ్చింది.

పైన కార్విన్ కళ్లు మూసుకుని తడుముకుంటున్నాడు. కనుబొమలు లేవు, పిస్టల్ లేదు. పెరిజాత్ అతని తాడెక్కే పిడులు రెండూ లాగేసుకుంది, తరవాత లోథర్‌వి. కొండమీద వేరే సంకెళ్లు అక్కర్లేదు. సాయంత్రం సరిహద్దు జవాన్లు వచ్చి దించేదాకా ఇద్దరూ అక్కడే, గుడ్డలారేసినట్టు.

హెలికాప్టర్ బుర్మకాన్ అక్క గుడారం ముందు పచ్చికలో దిగింది. పెరిజాత్ వెనకే తాళ్లు దిగి నర్మత్ కింద అడుగు పెట్టేసరికి తండ్రి మమసాలి ఏట్లో టోపీ ఉతుక్కుంటున్నాడు. కొడుకుని చూశాడు. కొండని చూశాడు.

"నువ్వు రోడ్ల ఆఫీసులో కదట్రా పని?"

"అవును నాన్నా."

"ఈ రోడ్డు ఎక్కడికేస్తున్నారు?"

నర్మత్ గడ్డిలో కూలబడ్డాడు. ముసలాయన తడి టోపీ కొడుకు తలమీద పెట్టాడు.

బుర్మకాన్ అక్క గొర్రెని కోసింది. పెద్దలు పన్నెండుమందీ గుడారంలో కూర్చున్నారు, ఇటువైపు ఆరుగురు, అటువైపు ఆరుగురు. పెరిజాత్ మోచేతులకి గుడ్డ చుట్టుకుని వాకిలి దగ్గర కూర్చుంది. నక్కతోలు కాలిపోయింది. నర్మత్ ఆమె పక్కన కూర్చున్నాడు. ఆవిరి లేస్తున్న పళ్లెం మధ్యలోకి వచ్చింది. ఉన్నది ఒకటే పళ్లెం.

నర్మత్ ముక్క తీసుకోబోయాడు, చెయ్యి వణికి జారిపోయింది. మళ్లీ తీశాడు, మళ్లీ జారింది. మమసాలి చూసి, తన పిడికిట్లో మాంసం పోగుచేసి, చిన్నపిల్లాడికి పెట్టినట్టు కొడుకు నోట్లో పెట్టాడు. అవతలి ఊరి నీటిపెద్ద, కిందటి వేసవి మమసాలి మీదకి పార ఎత్తిన మనిషి, అది చూశాడు. అతనూ పిడికెడు పోగుచేసి చెయ్యి చాపి పెరిజాత్ నోట్లో పెట్టాడు. ఎముకలు విరుస్తున్న చప్పుడు, నమిలే చప్పుడు, బయట ఏటి చప్పుడు.

గుక్కెడు కాలవ నీళ్లు పంచుకోలేక రెండు ఊళ్లు తగలబెట్టుకున్న ఆ పెద్దలు, ఒక ముసలి గొర్రెని మాత్రం ఏ మధ్యవర్తీ లేకుండా తోకదాకా సరిసమానంగా పంచుకున్నారు.